ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌కి ఆటో లాగిన్: ముందు ఎవరి అకౌంట్‌కో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో విండోస్ 11 కంప్యూటర్ ఒక్కటే ఉంది, అమ్మానాన్నలు, మీరు, పిల్లలు అందరూ దాన్నే వాడతారు. నాన్నగారు పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతున్నారు, స్విచ్ వేయగానే నేరుగా డెస్క్‌టాప్ వచ్చేలా చేయడం ఎలా అని. కష్టమేమీ కాదు. ఒక్క మాట: మీ అకౌంట్‌కి మాత్రం ఆటో లాగిన్ పెట్టకండి. మీ బ్యాంకు, మీ మెయిల్, మీ ఆఫీసు ఫైళ్ళు అన్నీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ తెరిచిపెట్టినట్టే.

తెనాలిలో మా అమ్మానాన్నల కంప్యూటర్‌కి నేను చేసింది చెప్తాను. 'ఇల్లు' అని వేరే లోకల్ అకౌంట్ (మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ముడిపడకుండా ఆ కంప్యూటర్‌కే పరిమితమైనది) తెరిచి, ఆటో లాగిన్ దానికి పెట్టాను. నా అకౌంట్ పాస్‌వర్డ్‌తో అలాగే ఉంది, అడ్మిన్ హక్కులు దానికే. 'ఇల్లు' స్టాండర్డ్ యూజర్ కాబట్టి నాన్నగారు పేపర్ చదువుతూ ఏదో ప్రకటన మీద నొక్కినా, సిస్టమ్ మొత్తాన్ని మార్చే ప్రోగ్రామ్ ఏదైనా ఎక్కాలంటే నా పాస్‌వర్డ్ అడుగుతుంది.

అకౌంట్ తెరవడానికి సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్‌కి వెళ్ళి యాడ్ అకౌంట్ నొక్కండి. మెయిల్ ఐడీ అడిగితే ఈ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవు అనే లింకు నొక్కి, ఆ తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా అన్నది ఎంచుకోండి. పేరు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో (Illu అని) పెట్టండి. తెలుగులో పెడితే సీ డ్రైవ్‌లో ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే వస్తుంది, కొన్ని పాత ప్రోగ్రాములు అక్కడ తడబడతాయి. ఎలాగూ ఆటో లాగిన్ కదా అని పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయకండి, చిన్నదైనా ఒకటి పెట్టండి. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఎవరైనా తెరిచి చూడబోతే, అప్పుడు అడ్డుపడేది అదే.

ఇక మీ అడ్మిన్ అకౌంట్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎన్, ఇ, టి, పి, ఎల్, డబ్ల్యూ, ఐ, జెడ్ అక్షరాలు వరసగా కొట్టి ఎంటర్ నొక్కండి. యూజర్ల జాబితా వస్తుంది. 'ఇల్లు' మీద నొక్కి, పైన ఉన్న టిక్ తీసేసి, అప్లై అనండి. అప్పుడు ఆ అకౌంట్ పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. తప్పు కొట్టినా అక్కడ ఏమీ అనదు. రీస్టార్ట్ చేశాక పాస్‌వర్డ్ సరికాదు అని చెప్తుంది, అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి. ఎప్పుడైనా ఎవరైనా 'ఇల్లు' పాస్‌వర్డ్ మార్చినా ఇదే జరుగుతుంది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే: ఆ టిక్ పెట్టే గడే కనిపించదు. సెట్టింగ్స్‌లో సైన్-ఇన్ ఆప్షన్స్‌కి వెళ్ళి, మైక్రోసాఫ్ట్ అకౌంట్లకి విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖంతో లాగిన్) మాత్రమే అనుమతించే స్విచ్‌ని ఆఫ్ చేసి, ఆ యూజర్ల జాబితా కిటికీ మూసి మళ్ళీ తెరవండి, గడి వస్తుంది. సైన్-ఇన్ ఆప్షన్స్ పేజీలోనే, కాసేపు వదిలేసి వచ్చాక మళ్ళీ సైన్-ఇన్ అడగాలా అన్నదానికి నెవర్ పెట్టండి. ఇది మర్చిపోతే పొద్దున ఆన్ చేసినప్పుడు బాగానే ఉంటుంది, నాన్నగారు కాఫీ తాగి వచ్చేసరికి మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. 'ఇల్లు'లోకి వెళ్ళి కూడా ఒకసారి సరిచూసుకోండి.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట) డిఫాల్ట్ పాస్‌వర్డ్ అని రాసేయమని వీడియోల్లో చెప్తుంటారు. ఆ జోలికి పోకండి, పాస్‌వర్డ్ అక్కడ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. పై పద్ధతి కుదరకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే సిస్‌ఇంటర్నల్స్ ఆటోలాగాన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఉచితం, పాస్‌వర్డ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. అలా దాచినా అడ్మిన్ హక్కులున్నవాళ్ళు బయటికి తీయగలరు, కాబట్టి 'ఇల్లు' పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకండి.

మీ అకౌంట్‌లోకి వెళ్ళాలంటే స్టార్ట్ మెనూలో సైన్ అవుట్ చేస్తే చాలు. ఆటో లాగిన్ పనిచేసేది మెషిన్ ఆన్ అయినప్పుడే, సైన్ అవుట్ చేస్తే మామూలుగా పేర్లన్నీ వస్తాయి.

పిల్లల సంగతికొస్తే, ఇక్కడే అసలు మెలిక. పిల్లల వాడకం మీద కన్నేసే మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో రోజుకి ఇన్ని గంటలు అని పెట్టే పరిమితి పిల్లల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కే వర్తిస్తుంది. 'ఇల్లు'లోకి వస్తే ఆ లెక్క లేదు. మా అన్నయ్య కొడుకు సెలవులకి వచ్చి ఒక్క పూటలో ఈ సంగతి కనిపెట్టాడు, తాతయ్య అకౌంట్లో కూర్చుని వీడియోలు చూసుకున్నాడు. మీకు గంటల లెక్క ముఖ్యమైతే ఆటో లాగిన్ మానేయండి, రెండూ ఒకచోట పొసగవు. దాని బదులు నాన్నగారికి నాలుగంకెల పిన్ పెట్టండి. పిన్‌కి ఎంటర్ కూడా కొట్టక్కర్లేదు, ఆఖరి అంకె పడగానే తెరుచుకుంటుంది. చాలామంది పెద్దవాళ్ళకి టెన్షన్ పెట్టేది పాస్‌వర్డ్ ఉండటం కాదు, అందులో పెద్దక్షరాలు, గుర్తులు ఉండటం. క్యాప్స్ లాక్ పడిందో లేదో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? నన్నడిగితే సగం ఇళ్ళలో పిన్‌తోనే పని అయిపోతుంది.

'ఇల్లు'లో బ్యాంకు పాస్‌వర్డ్‌లు సేవ్ చేయకండి. వాట్సాప్ వెబ్ కూడా ఆలోచించే పెట్టండి: నాన్నగారు ఒకసారి స్కాన్ చేసి వదిలేస్తే ఎవరు కూర్చున్నా ఆయన మెసేజ్‌లు చదవొచ్చు. ఫోన్ ఎస్ఎంఎస్‌లు చూపించే గూగుల్ మెసేజెస్‌ని బ్రౌజర్‌తో కలపడం ఇంకా ప్రమాదం, ఫోన్‌కి వచ్చే ఓటీపీ స్క్రీన్ మీద కనిపిస్తుంది.

ఇంట్లో పాత విండోస్ 10 మెషిన్ కూడా ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మా పాతదాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. అందులో లాగిన్ విండో అనే సెట్టింగ్‌లో, యూజర్స్ కింద, ఆటోమేటిక్ లాగిన్ దగ్గర పేరు రాస్తే చాలు. కాకపోతే క్రోమ్ తెరవగానే కీరింగ్ (లినక్స్ పాస్‌వర్డ్‌లు దాచే చోటు) పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆటో లాగిన్‌లో మీరు పాస్‌వర్డ్ కొట్టలేదు కాబట్టి ఆ కీరింగ్ తెరుచుకోదు. పాస్‌వర్డ్స్ అండ్ కీస్ అనే యాప్‌లో కీరింగ్ పాస్‌వర్డ్ ఖాళీ చేస్తే ఆ గొడవ పోతుంది, కానీ అందులో దాచినవాటికి రక్షణ ఉండదు. ఏమీ దాచని 'ఇల్లు' లాంటి అకౌంట్‌కైతే పర్వాలేదు.

కంప్యూటర్‌ని రిపేరుకి ఇచ్చే ముందు అడ్మిన్ అకౌంట్ నుంచి ఆ టిక్ మళ్ళీ పెట్టేసి ఇవ్వండి. ల్యాప్‌టాప్ అయితే, ఇల్లు దాటి బయటికి తీసుకెళ్ళేదైతే, అసలు ఈ ఆలోచనే వద్దు.