సైకిల్ సందేహాలు: ఘాట్ రోడ్డుకి ఏ గేరు?

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు, బరువు 68 కిలోలు. ఈ మధ్యే రోడ్ బైక్ కొన్నాను. ముందు 50, 34 పళ్ళ చక్రాలు, వెనక 11 నుంచి 28 దాకా ఉన్నాయి. పొట్టంగి వైపో దేవమాలి వైపో ఎక్కుతుంటే అన్నిటికంటే తేలిక గేరులో కూడా మోకాళ్ళు లాగేస్తున్నాయి, చివరికి దిగి తోసుకుంటూ వెళ్తున్నాను. అమ్మినవాళ్ళేమో "తొక్కుతూ ఉండండి, అదే అలవాటవుతుంది" అంటున్నారు. లోపం నా కాళ్ళదా, బండిదా?
- ఒక పాఠకుడు, సెమిలిగుడ

జవాబు: బండిదేనండీ, అందులోనూ గేర్లది. మీ కాళ్ళని ఏమీ అనకండి.

లెక్క చూద్దాం. ముందు 34, వెనక 28 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. మీ చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు కాబట్టి ఒక్క చుట్టుకి రెండున్నర మీటర్లు ముందుకు వెళ్తారు. ఎనిమిది శాతం ఎత్తు అనుకోండి, అంటే ప్రతి 100 మీటర్లకి 8 మీటర్లు పైకి. మీరూ, సైకిలూ, నీళ్ళ సీసా కలిపి 80 కిలోలు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 9 కిలోమీటర్ల వేగం, దానికి కావాల్సిన శక్తి సుమారు 175 వాట్లు. పోటీల్లో తొక్కే అలవాటు లేని ఆరోగ్యవంతుడు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది 100 నుంచి 150 వాట్లు అనుకోవచ్చు. ఇక 175 ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే చుట్లు తగ్గిపోతాయి, 60 కాస్తా 50, తర్వాత 40.

చుట్లు తగ్గిస్తే ఊపిరికి కాస్త తెరిపి దొరుకుతుంది గానీ మోకాలికి మాత్రం దొరకదు. ఎందుకంటే ఒకే ఎత్తు మీద, ఒకే గేరులో, మీరు మెల్లగా తొక్కినా గబగబా తొక్కినా పెడల్ మీద వెయ్యాల్సిన బలం దాదాపు అంతే. మీ గేరులో అది సగటున 16 కిలోల బరువుతో సమానం. పెడల్ కిందికి దిగేటప్పుడు పడే అసలు తోపు ఆ సగటుకి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఘాట్ అయ్యేదాకా వేల సార్లు ఆ తోపు తొయ్యాలి. మోకాలు లాగకపోతేనే ఆశ్చర్యం. అలవాటవుతుంది అన్న మాట నాకు అస్సలు నచ్చదు, దాన్ని నమ్మి మోకాళ్ళు పాడుచేసుకుని సైకిల్‌ని మూలన పడేసినవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. సుంకి ఘాట్‌లో లోడు లారీ ఫస్ట్ గేరులో ఎక్కుతుంటే డ్రైవరుకి చేతకాదని ఎవరూ అనరు కదా, మనిషికి మాత్రం ఈ పరీక్ష ఎందుకో.

ఏం మార్చాలంటే, మొదట వెనక క్యాసెట్ (వెనకున్న పళ్ళ చక్రాల గుత్తి) సంగతి చూడండి. 11 నుంచి 34 పళ్ళ దాకా ఉన్నది వేస్తే అన్నిటికంటే తేలిక గేరు 34కి 34, అంటే ఒకటికి ఒకటి. అదే ఎత్తు మీద 60 చుట్లకి 145 వాట్లు చాలు, వేగం గంటకి ఏడున్నర కిలోమీటర్లు. అయితే మీ డిరైలర్, అంటే చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకో చక్రం మీదికి మార్చే భాగం, 34 పళ్ళని పడుతుందో లేదో ముందే కనుక్కోవాలి. పొట్టి కేజ్ (డిరైలర్ కింద చైన్‌ని పట్టి ఉంచే చట్రం) ఉన్నవి చాలావరకు అంత పెద్ద పళ్ళ చక్రానికి పనికిరావు, పొడుగు కేజ్ డిరైలర్ వెయ్యాల్సి వస్తుంది. డిరైలర్ లోపలి వైపు ఉన్న మోడల్ నంబర్ చూసి, ఎన్ని పళ్ళ దాకా పడుతుందో అడిగాకే డబ్బు కట్టండి. చైన్ కూడా పొడవైనది కావాలి. పాత చైన్‌తోనే సర్దేస్తామంటే ఒప్పుకోవద్దు: ముందు పెద్దది, వెనక పెద్దది కలిసిన రోజు పొట్టి చైన్ డిరైలర్‌ని లాగి విరిచేస్తుంది.

అదీ చాలకపోతే ముందు భాగం మార్చాలి. మామూలుగా 50-34 వచ్చే క్రాంకుల్లో (పెడళ్ళు బిగించే కడ్డీల్లో) ఐదు బోల్టులైనా నాలుగైనా అవి ఉండే వలయం వ్యాసం 110 మిల్లీమీటర్లు, దాని మీద 34 కంటే మరీ చిన్న చక్రం కూర్చోదు. 46-30 క్రాంక్‌సెట్ (కడ్డీలూ ముందు చక్రాలూ కలిపి) మొత్తంగా కొనాల్సిందే. ఖర్చే, కాదనను. కానీ 30కి 34 అంటే 0.88, దేవమాలి లాంటి 1,672 మీటర్ల కొండ పక్కన ఉంటూ వారం వారం ఎక్కాలనుకునేవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదు. పై గేరు పోతుందని భయపడొద్దు. 46కి 11 వేసి నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 47 కిలోమీటర్లు వస్తుంది, మన రోడ్ల మీద అంతకు మించి ఎక్కడ తొక్కుతాం? దిగుడులో ఎలాగూ తొక్కం.

ప్రశ్న: నా ఎమ్‌టీబీకి (మౌంటెన్ బైక్‌కి) 21 గేర్లు ఉన్నాయి, అయినా రాయగడ చుట్టుపక్కల కొండ రోడ్ల మీద కష్టంగానే ఉంది. 27 గేర్ల సైకిల్ కొంటే తేలికవుతుందా?
- కాలేజీ విద్యార్థి, రాయగడ

జవాబు: గేర్ల సంఖ్య చూడకు తమ్ముడూ, అన్నిటికంటే తేలిక గేరు ఏమిటో చూడు. ముందు అతి చిన్న చక్రం, వెనక అతి పెద్ద చక్రం, రెండింటి పళ్ళూ లెక్కపెట్టు. ఇలాంటి సైకిళ్ళలో తరచుగా ముందు 24, వెనక 28 ఉంటాయి, అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం 0.86 చుట్టు. వెనక ఫ్రీవీల్ (పళ్ళ చక్రాల గుత్తి) తీసి 14-34 ఫ్రీవీల్ వేయిస్తే 0.71 అవుతుంది. కొత్త సైకిల్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. పైన చెప్పిన 80 కిలోల లెక్కలోనే చూస్తే ఈ గేరులో పెడల్ మీద సగటు బలం పదకొండున్నర కిలోల నుంచి తొమ్మిదిన్నరకి దిగుతుంది, ఆ తేడా మొదటి మలుపులోనే నీ కాళ్ళకి తెలుస్తుంది. ఆ ఫ్రీవీల్‌లో 24 పళ్ళ తర్వాత నేరుగా 34కి దూకుతుంది, ఒక్కసారిగా తేలికైపోయినట్టు ఉంటుంది, కంగారు పడకు. ఎత్తు మొదలవ్వకముందే గేరు మార్చు, బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ మీద భారం పడి జారుతుంది. ఫ్రీవీల్ విప్పడానికి దాని గాడికి సరిపోయే రిమూవర్ కావాలి, సుత్తీ ఉలీ పట్టుకొచ్చే షాపులో మాత్రం చేయించకు.

ప్రశ్న: మా నాన్నగారు గుమ్మ వైపు కొండ ఊళ్ళకి పాత సింగిల్ గేరు సైకిల్ మీద కూరగాయలు తీసుకెళ్తారు. ఎత్తుల్లో చాలా ఇబ్బంది పడుతున్నారు. గేర్లు పెట్టించుకోమంటే వద్దంటారు. వేరే దారి ఉందా?
- పర్లాకిమిడి పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, చవకైనదే. సైకిల్‌కి వెనక ఎన్ని పళ్ళున్నాయో చూడండి. ముందు 44, వెనక 18 ఉందనుకుందాం, అక్కడ 22 పళ్ళ ఫ్రీవీల్ వేయిస్తే పెడల్ మీద బలం 18 శాతం తగ్గుతుంది. చైన్‌కి రెండు లింకులు కలపాలి, అంతే. చదును రోడ్డు మీద కొంచెం వేగం పోతుంది, బస్తాతో వెళ్ళేవారికి అది పెద్ద లెక్క కాదు. ఇందులో నామోషీ ఏమీ లేదని నాన్నగారికి చెప్పండి. టూర్ దె ఫ్రాన్స్‌లో 1937 దాకా డిరైలర్లని అనుమతించలేదు, అప్పటి పోటీదారులు కొండ దగ్గర ఆగి, వెనక చక్రం విప్పి, రెండో వైపున్న పెద్ద పళ్ళ చక్రం పని చేసేలా తిప్పి బిగించుకుని మరీ ఎక్కేవాళ్ళు.

22 పళ్ళు వేసినా మరీ నిటారుగా ఉన్నచోట దిగి తోయడమే మంచిది. గేరు కంటే ముందు ఆయన సైకిల్ బ్రేకులు చూపించండి. కమ్మీ బ్రేకుల రబ్బర్లు అరిగిపోయి ఉంటే ఇవాళే మార్పించండి, వానలో తడిసిన రిమ్ము మీద అవి సగం కూడా పట్టవు. బరువుతో దిగేటప్పుడు మొదటి నుంచే వేగం అదుపులో పెట్టుకోవాలి, వానాకాలంలో మాత్రం దిగుడంతా నడిచే రమ్మనండి.