12345679లో 8 ఎక్కడికి పోయింది?

1,23,45,679ని 9తో గుణిస్తే అన్నీ ఒకట్లే ఎందుకొస్తాయి, మధ్యలో 8 ఎందుకు లేదు, ఇంకేమైనా విశేషాలున్నాయా అని అడిగారు. తార్నాకలో సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. ఈ సంఖ్య మా బోర్డు మీద తరచూ కనబడుతుంది.

ఒకట్ల సంగతిలో పెద్ద రహస్యం లేదు. తొమ్మిది ఒకట్లు వరసగా రాసి 9తో భాగిస్తే శేషం లేకుండా వచ్చేదే ఈ సంఖ్య. అన్నీ ఏడులు కావాలంటే 63తో గుణించండి. ఎనిమిదంకెల చిన్న కాలిక్యులేటర్ మాత్రం తీయకండి, జవాబు పట్టక ఎర్రర్ చూపిస్తుంది. కిరాణా కొట్టులో వాడే పన్నెండంకెలది కావాలి.

అసలు మజా 8 దగ్గరుంది. 1ని 81తో భాగిస్తే 0.012345679012345679... అంటూ ఆగకుండా పోతుంది. నిజానికి అక్కడ 1, 2, 3 అని వరసగా ఒక్కో స్థానంలో ఒక్కో సంఖ్య కూర్చుంటూ వస్తుంది. 9 తర్వాత 10 వచ్చేసరికి ఒక స్థానంలో పట్టదు, అందులోని 1 ఎడమకు జరుగుతుంది. దాంతో 9 కాస్తా 10 అవుతుంది, సున్నా మిగిల్చి అదీ ఒకటి ఎడమకు పంపుతుంది. అక్కడున్న 8 ఇప్పుడు 9. అంటే మనకు కనిపించే 9 ఒకప్పటి 8 అన్నమాట! వేద గణితం మహిమ అంటూ వాట్సాప్‌లో తిరిగేవాళ్లు ఈ మాట చెప్పరు.

కారణాంకాలకు మన లక్షల కామాలు పనికిరావు. కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టాలి: 12, 345, 679. కూడితే 1036. మళ్లీ అలాగే 1, 36 కూడితే 37. 999కి 37 కారణాంకం కాబట్టి మన సంఖ్య కూడా 37తో తెగుతుంది. భాగిస్తే 3,33,667 వస్తుంది, అది ప్రధాన సంఖ్య. అక్కడితో సరి. ఇక అంకెలన్నీ కూడి చూడండి, అదీ 37యే! ఇలా తన అంకెల మొత్తంతో భాగింపబడే సంఖ్యలకు హర్షద్ సంఖ్యలని పేరు పెట్టింది మహారాష్ట్రలోని దేవ్లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకోటుంది. 2తో గుణిస్తే 2,46,91,358. సున్నా వదిలేస్తే ఇందులో లేని అంకె 7. 4తో గుణిస్తే 4,93,82,716, లేనిది 5. 8తో అయితే 9,87,65,432, లేనిది 1. దేంతో గుణించారో దాన్ని 9లోంచి తీసేస్తే మాయమైన అంకె తెలుస్తుంది. ఎందుకంటే 1 నుంచి 9 వరకు మొత్తం 45, అది 9తో తెగుతుంది. మన సంఖ్యను 9తో భాగిస్తే శేషం 1, కాబట్టి 4 రెట్లకు శేషం 4, ఆ లోటు పూడ్చాల్సింది 5. మూడు, ఆరులతో మాత్రం ఈ ఆట సాగదు. 3తో గుణిస్తే 37037037 వస్తుంది, దాగున్న 37 తిన్నగా బయటపడుతుంది.