ఇంటి కరెంటు, ప్లంబింగ్‌కి 11 లక్షలంటున్నారు, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ఖమ్మం నుంచి ఒకాయన రాశారు. 200 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నారు, ఫ్లోర్‌కి 1,200 ఎస్‌ఎఫ్‌టీ. హోమ్ లోన్ 40 లక్షలు సాంక్షన్ అయింది, 31 లక్షలు ఇప్పటికే వాడేశారు, మిగతా 9 లక్షలు ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులకే సరిపోతాయి. మేస్త్రీతో మాట్లాడుకున్న ఎస్‌ఎఫ్‌టీ రేటులో కరెంటు, ప్లంబింగ్ లేవన్న సంగతి రెండు స్లాబులూ పడ్డాక తెలిసింది. ఇప్పుడు ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ మెటీరియల్‌తో కలిపి గుత్తగా 11 లక్షలు అంటున్నాడు. చేతిలో 4 లక్షలున్నాయి, నెలకి 35 వేలు మిగులుతోంది. బ్యాంకువాళ్లు 13.5 శాతానికి 7 లక్షల పర్సనల్ లోన్ రెడీ అంటున్నారు, ఇంట్లో 15 తులాల బంగారం ఉంది, పాప చదువుకని నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేస్తున్న సిప్ ఉంది, వీటిలో ఏది ముట్టుకోవాలి అని అడిగారు. కొటేషన్ ఫోటో, ఇంటి ప్లాన్ కూడా పంపారు, అవి పంపడం చాలా మంచిదైంది.

అండీ, మీరు నన్ను అడిగింది ఏ అప్పు తీసుకోవాలి అని. ముందు ఎంత అప్పు కావాలో మనకి తెలియాలి కదా, అది ఇంకా తెలియదు. 11 లక్షలు అనేది ఆ కాంట్రాక్టర్ చెప్పిన అంకె, మీ ఇంటికి అయ్యే ఖర్చు కాదు. ఆ కాగితంలో ఉన్నవి నాలుగే లైన్లు, ఎలక్ట్రికల్ 4,20,000, ప్లంబింగ్ శానిటరీ 3,80,000, సోలార్ 3 కిలోవాట్లు 2,00,000, ఇతరత్రా 1,00,000. ఎన్ని మీటర్ల పైపు, ఎన్ని కాయిల్స్ వైరు, ఏ కంపెనీ, ఏ సైజు, ఏమీ లేదు. అడిగితే "ఎంత పడితే అంత వేస్తాం సార్" అన్నాడని రాశారు. దీని మీద ఐదేళ్ల అప్పు నెత్తిన పెట్టుకోవద్దు.

మా తమ్ముడు దోహాలో ఎంఈపీ క్వాంటిటీ సర్వేయర్. ఎంఈపీ అంటే ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనులు. వాడి ఉద్యోగం ఏంటంటే డ్రాయింగ్ ముందు పెట్టుకుని ప్రతి పైపుని దాని మధ్య గీత వెంబడి కొలవడం, ప్రతి పాయింట్‌నీ, ప్రతి వాల్వునీ లెక్కపెట్టడం, వాటన్నిటినీ బీఓక్యూ అనే పట్టికలో పెట్టి పక్కన రేటు వేయడం. అంత పెద్ద టవర్లకి కూడా మొదలు ఈ లెక్కే. మన దేశంలో ప్లంబింగ్‌తో సహా కట్టుబడి పనుల కొలతలకి ఐఎస్ 1200 అని ప్రమాణమే ఉంది, కేంద్ర ప్రభుత్వ నిర్మాణ శాఖ సీపీడబ్ల్యూడీ వాళ్లు రేట్ల పుస్తకం వేస్తారు. కానీ మన ఊళ్లలో సిమెంటు బస్తాలు, స్టీలు టన్నులు లెక్కపెట్టేవాళ్లు కూడా కరెంటు, ప్లంబింగ్ దగ్గరికొచ్చేసరికి గుత్తగా ఇచ్చేస్తారు, అది గోడలోకి పోయేది కాబట్టి కంటికి కనపడదు, అక్కడే డబ్బు పోతుంది. 2016లో మా ఇంటికి నేనూ అదే చేశాను, అడ్వాన్స్ ఇచ్చేశాను, రెండో ఏడు బాత్రూమ్ గోడ చెమ్మగిల్లితే టైల్స్ పగలగొట్టి చూశాం, వేడినీళ్ల లైనులో చవకరకం పైపు వేసి ఉంది. మళ్లీ చేయించడానికి అయిన ఖర్చు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

మీ ప్లాన్ తీసుకుని తమ్ముడితో వీడియో కాల్‌లో కూర్చుని ఒక్క లెక్క చేశాం, మిగతావి మీరు ఇలాగే చేసుకోవచ్చు. ఒక ఫ్లోర్‌లో లైట్లు, ఫ్యాన్లు, ఎగ్జాస్టులు, బెల్లు అన్నీ కలిపి 46 పాయింట్లు వచ్చాయి. స్విచ్‌బోర్డు నుంచి లైటు దాకా, గోడ ఎక్కి స్లాబులో నడిచి దిగేదాకా సగటున 8 మీటర్లు అనుకుంటే, ఫేజు, న్యూట్రల్ రెండు వైర్లు కాబట్టి 46 ఇంటూ 8 ఇంటూ 2, అంటే 736 మీటర్లు. వేస్టేజి 10 శాతం కలిపితే 810 దగ్గర. కాయిల్ 90 మీటర్లు ఉంటుంది, అంటే ఒకటిన్నర ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు ఫ్లోర్‌కి 9 కాయిల్స్, రెండు ఫ్లోర్లకి 18. ఇక ప్లగ్గులకి రెండున్నర వైరు, ఏసీ, గీజర్లకి 4 ఎస్‌క్యూఎంఎం, ఎర్త్ వైరు విడిగా, మీటరు నుంచి డీబీ (ఇంట్లో ఎంసీబీలుండే మెయిన్ బోర్డు) దాకా మెయిన్ విడిగా, అన్నీ ఇదే పద్ధతి. షాపులో కాయిల్ రేటు అడిగి గుణిస్తే మీ దగ్గర మీ సొంత అంకె ఉంటుంది.

పవర్ ప్లగ్గులు ఫ్లోర్‌కి 9 వచ్చాయి. మొత్తం రెండు ఫ్లోర్లకి 110 పాయింట్లు. కాంట్రాక్టర్ ఫోన్‌లో 140 అన్నాడని రాశారు, పాయింటుకి 1,400 అన్నాడని కూడా. ఆ 30 పాయింట్ల తేడానే 42 వేలు! నా అనుమానం, స్విచ్‌బోర్డు మీదే ఉండే చిన్న ప్లగ్గుని కూడా పూర్తి పాయింట్ కింద లెక్కేసి ఉంటాడు. దానికి విడిగా పైపూ పట్టదు, వైరూ దాదాపు పట్టదు, దానికి తక్కువ రేటు ఉండాలి. కాబట్టి పాయింట్ అంటే ఏంటో ముందే కాగితం మీద రాయించుకోండి. స్లాబులో పైపులు మీరు ముందే డబ్బులిచ్చి వేయించారు కదా, ఆ పని మళ్లీ ఈ పాయింటు రేటులో కలిసి ఉందేమో అది కూడా అడగండి.

ప్లంబింగ్ కూడా అంతే. నాలుగు బాత్రూములు, రెండు కిచెన్లు, రెండు వాషింగ్ మెషిన్ చోట్లు. లోపల చల్లనీళ్లు, వేడినీళ్ల లైను సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) ఎన్ని మీటర్లు, ట్యాంకు నుంచి దిగే లైను ఎన్ని మీటర్లు, లెట్రిన్‌కి 4 అంగుళాల ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగునీళ్ల పైపు) ఎంత, బాత్రూమ్ నీళ్లకి 3 అంగుళాలది ఎంత, వాసన పైకి రాకుండా ఆపే ట్రాపులు ఎన్ని. ఎల్బోలు, టీలు పైపు రేటులోనే ఉన్నాయా విడిగానా అని అడగండి, చిన్నవే కదా అనుకుంటాం గానీ బాత్రూములో పైపు కంటే వాటి బిల్లే ఎక్కువ కావచ్చు. 2,000 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టమన్నాడట. కింద మీరు ఐదుగురు, పైన అద్దెకి నలుగురు అనుకున్నా మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున 1,215 లీటర్లు. ఒకటి చాలు. అద్దెవాళ్లకి విడి ట్యాంకు కావాలని మీరే అనుకుంటే వేరే సంగతి.

సోలార్ మాత్రం ఈ గుత్తలోంచి ఇవాళే తీసేయండి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, కానీ నేషనల్ పోర్టల్‌లో మీరు అప్లై చేసి, అక్కడ రిజిస్టర్ అయిన వెండర్‌తోనే వేయించాలి. ఈయన ఆ లిస్టులో లేకపోతే ఆ డబ్బు పోయినట్టే. పైగా ఇల్లు పూర్తయి మీటరొచ్చాక వేసుకునేదానికి ఇప్పుడు అప్పెందుకు.

ఇంకోటి, మీ కొటేషన్ ఫోటోలో కింద చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది, చూశారా? 11 లక్షల మీద 18 శాతం అంటే 1,98,000. ఆయనకి జీఎస్టీ నంబర్ ఉందా అని అడగండి, నంబర్ లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు. నంబర్ ఉంటే ట్యాక్స్‌తో కలిపి మొత్తం ఎంతో చెప్పమనండి. "ఇతరత్రా" లక్ష ఆయన దగ్గర ఉండకూడదు, అనుకోని ఖర్చుకి పెట్టుకునే డబ్బు ఓనరు చేతిలో ఉండాలి.

ఇప్పుడు అప్పు సంగతి. సోలార్ తీసేస్తే 9 లక్షలు, అందులో లక్ష మీ దగ్గర రిజర్వ్. మిగిలిన 8 లక్షలు ఒకేరోజు అక్కర్లేదు, ఇది నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. ప్లాస్టరింగ్‌కి ముందు కావాల్సింది గోడలో పైపులు, బాక్సులు, వాటర్ లైన్లు, డ్రైనేజీ, లేబర్, అంతే. ప్లాస్టరింగ్ అయ్యాక వైర్లు. రంగులయ్యాక స్విచ్‌లు, ఫ్యాన్లు, లైట్లు, ట్యాపులు, కమోడ్లు, గీజర్లు. ఆఖరి వాటికి ఇంకా ఆరేడు నెలలుంది, మీకు నెలకి 35 వేలు మిగులుతోందన్నారు, ఆరు నెలలకి 2,10,000. చేతిలో 4 లక్షలు మొదటి దశకి. అంటే 9 లక్షల్లో 6,10,000 మీ దగ్గరే ఉంది, కొరత దాదాపు 3 లక్షలు. లెక్కపెట్టాక ఆయన రేటు తగ్గితే అది ఇంకా తగ్గుతుంది.

ఆ 3 లక్షలకి మీ హోమ్ లోన్ బ్యాంకుకే వెళ్లండి, పెంచమని గానీ టాప్‌అప్ ఇమ్మని గానీ అడగండి. ఇంజనీర్ సంతకంతో రివైజ్డ్ ఎస్టిమేట్ అడుగుతారు, మీరు చేసిన క్వాంటిటీల పట్టిక అక్కడ పనికొస్తుంది, నాలుగు లైన్ల కాగితాన్ని ఏ బ్యాంకూ ఒప్పుకోదు. పోల్చి చూడండి, 7 లక్షలు 13.5 శాతానికి ఐదేళ్లంటే నెలకి 16,100, మొత్తం వడ్డీ 2,66,000 పైన. 3 లక్షలు 9 శాతానికి ఐదేళ్లంటే నెలకి 6,230 చొప్పున, వడ్డీ 74 వేలు. రేటు మీ బ్యాంకులో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే కట్టేస్తే పెనాల్టీ ఉండదు, ఫిక్స్‌డ్ రేటు పర్సనల్ లోన్‌కి తరచూ ఉంటుంది. బ్యాంకు లేట్ చేస్తే బంగారంలో కొంత మాత్రం తాకట్టు పెట్టి ఆర్నెల్లకి అప్పు తీసుకోండి, అంతా పెట్టొద్దు. పాప సిప్ ముట్టుకోకండి, ఇంటర్ అయ్యే లోపు ఆ డబ్బు మళ్లీ పోగవ్వదు.

ఖర్చు తగ్గించాలంటే గోడ బయట ఉండేవాటిలో తగ్గించండి. ఏసీలు ఇప్పుడు కొనకపోయినా వాటి కాపర్ పైపుకి, నీళ్లు పోయే పైపుకి దారి వదిలించండి, తర్వాత గోడ పగలగొట్టే పని ఉండదు. పై ఫ్లోర్‌కి ఖరీదైన ట్యాపులు అక్కర్లేదు. కానీ వైరు సైజు, ఎర్తింగ్, షాక్ కొడితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ, ఎస్‌డబ్ల్యూఆర్ క్వాలిటీ, వీటిల్లో ఒక్క రూపాయి కూడా తగ్గించకండి, పిల్లలు తిరిగే ఇల్లు.

ఆ కాంట్రాక్టర్‌ని వదిలేయమని అనట్లేదు, పనిమంతుడే అయ్యుండొచ్చు. లేబర్ రేటు విడిగా, మెటీరియల్ విడిగా ఇమ్మనండి, వైర్లు, పైపులు మీరే బిల్లుతో కొనండి, వేసినదాన్ని టేపు పెట్టి కొలిచాకే డబ్బులివ్వండి. టైల్స్ వేసేముందు లైన్లలో నీళ్లు నింపి ప్రెషర్ పెట్టించి ఒక రాత్రంతా ఉంచండి, గేజి పడిపోకూడదు. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడకీ పక్కన టేపు ఆనించి ఫోటో తీసుకోండి. ఆ పట్టిక తయారయ్యాక, బ్యాంకుకి వెళ్లేముందు నాకొకసారి పంపండి, రేట్ల పక్కన రేట్లు పెట్టి కలిసి చూద్దాం.