రాత్రి నానబెట్టే ఓట్స్ పొద్దునకి బంకలా అవుతున్నాయి, ఎలా చేయాలి?

పొద్దున్నే ఆఫీస్ క్యాబ్, స్టవ్ ముట్టించే టైమ్ ఉండదు, రాత్రే పాలల్లో ఓట్స్ నానబెడితే జిగురు జిగురుగా అయిపోతోంది అన్నారు కదా. నాదీ క్యాబ్ బతుకే, మా ఇంట్లో వారంలో సగం రోజులు ఇదే టిఫిన్ కాబట్టి చెప్తున్నా.

ముందు ప్యాకెట్ మీద ఏం రాసుందో చూడండి. ఇన్‌స్టంట్ అనో క్విక్ కుకింగ్ అనో ఉంటే ఆ బంక దానివల్లే అయుంటుంది, అవి పల్చగా చిన్న ముక్కలుగా ఉంటాయి, రాత్రంతా నానితే ఇంకేముంది, పిండే. రోల్డ్ ఓట్స్ అని అడిగి తెచ్చుకోండి. స్టీల్ కట్ అని రవ్వలా ఉండేవి మాత్రం రాత్రంతా నానినా పలుకుగానే ఉంటాయి, నాకైతే నచ్చవు. మసాలా ఓట్స్ అసలే వద్దు, ఉప్పు దండిగా ఉంటుంది. వండకుండా తింటే అరుగుతాయా అని మా అత్తగారు కూడా అడిగారు, రోల్డ్ ఓట్స్‌ని ఫ్యాక్టరీలోనే ఆవిరి పట్టి ఒత్తుతారు, అటుకులు నానబెట్టుకుని తినట్లేదా మనం, ఇదీ అంతే.

కొలత ఒక మనిషికి అరకప్పు, అంటే 40 గ్రాములు. అరకప్పు కాచి చల్లార్చిన పాలు, రెండు స్పూన్ల పెరుగు, స్పూన్ సబ్జా గింజలు, రెండు ఖర్జూరాలు సన్నగా తరిగి వేసి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఖర్జూరం రాత్రంతా నాని పాలలోకి దిగి గోధుమరంగు చారలు కట్టి ఉంటుంది, ఇంక తేనె, పంచదార ఏమీ అక్కర్లేదు. అరటిపండు, బాదం పొద్దునే వేసుకోండి, ఒకటి నల్లబడుతుంది ఇంకోటి మెత్తబడుతుంది. బొప్పాయి, పైనాపిల్ రాత్రే వేస్తే పాలు చేదెక్కుతాయి, వాటిలో ఎంజైమ్‌లు పాల ప్రోటీన్‌ని విరగ్గొడతాయి.

కానీ నన్నడిగితే తీపి కంటే పెరుగుదే బాగుంటుంది, షుగర్ ఉన్నవాళ్ళకైతే అదే నయం. అరకప్పు ఓట్స్, అరకప్పు తియ్యటి పెరుగు, పావుకప్పు నీళ్ళు, ఉప్పు. పుల్ల పెరుగు వద్దు, తెల్లారేసరికి ఇంకా పులుస్తుంది. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కీరా తురుము, కొత్తిమీర, పక్కన మాగాయ ముక్క, చద్దన్నంలోకి వేసుకునేవే అన్నీ. ఉల్లిపాయ రాత్రే కలిపితే మాత్రం ఫ్రిజ్ తెరవగానే ఇల్లంతా అదే వాసన.

ఇది రీల్స్ వాళ్ళు కనిపెట్టిందేం కాదు లెండి, 1900 ప్రాంతంలోనే స్విట్జర్లాండ్‌లో బిర్షర్ బెన్నర్ అనే డాక్టర్ పేషెంట్లకి పెట్టేవాడు, అందులో నానబెట్టిన ఓట్స్ ఒక్క స్పూనే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం తురిమిన ఆపిల్. మనవాళ్ళు ఉల్టా, కప్పున్నర ఓట్స్ మీద తేనె, చాక్లెట్ పోసి డైట్ అంటారు. కొలెస్ట్రాల్ కోసమైతే ఓట్స్‌లో పనిచేసేది బీటా గ్లూకాన్ అనే పీచు, రోజుకి 3 గ్రాములు కావాలి, అరకప్పులో దాదాపు సగమే వస్తుంది, కాబట్టి ఇదొక్కటి తినేసి మందులు మానేయకండి.

రెండు రోజులకి సరిపడా ఒకేసారి కలిపి పెట్టుకోవచ్చు, అంతకు మించితే రుచి పోతుంది. ఎండాకాలం రాత్రి కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగితే పారేయండి. పొద్దున్నే చల్లటిది పడనివాళ్ళు స్నానానికి వెళ్ళేముందు డబ్బా బయట పెట్టుకుంటే చాలు.