తమ్ముడికి జైలేనా, వైద్యం లేదా?

ప్రశ్న: మా తమ్ముడు కొంచెం గంజాయితో దొరికి చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. మానసిక జబ్బుకు వాడే మందులు ఆగిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. వేరే దారి లేదా?
– ఒక అక్క, సైదాబాద్

జవాబు: ఉందమ్మా. దొరికిన గంజాయి కిలో మించకపోతే, అతను దానికి బానిసైనవాడే అయితే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న, మత్తు మాన్పించే కేంద్రంలో తనంతట తానే చికిత్సకు ఒప్పుకుని మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ కింద కోర్టును అడగొచ్చు, చికిత్స తీసుకుంటే ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది, మధ్యలో మానేస్తే మాత్రం అది పోవచ్చు. ఇక జబ్బు సంగతి. పాత ప్రిస్క్రిప్షన్లు ముందు జైలు డాక్టరుకు ఇవ్వండి, పరువు పోతుందని దాచకండి! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అవసరమైతే ఖైదీని ఎర్రగడ్డ లాంటి మానసిక ఆసుపత్రికి మార్చొచ్చు. లాయరుకు డబ్బుల్లేవా? కస్టడీలో ఉన్నవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరును ఉచితంగానే ఇస్తుంది.