మీరడిగారు: కురుసుర మోడల్‌లో ముక్కలు వదులైపోతున్నాయి

ప్రశ్న: సార్, 2002 నుంచి మన విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్‌ను నేనూ మా తమ్ముడూ 1:100 స్కేల్‌లో చేస్తున్నాం. మధ్యలో పొడవాటి వెన్నుపలక, దానికి అడ్డంగా గుండ్రటి పలకలు గీసి, నేమ్‌బోర్డులు చేసే షాపులో 3 ఎంఎం యాక్రిలిక్ మీద లేజర్‌తో కోయించాం. పలకలు ఒకదాంట్లో ఒకటి దూరే గాడులు కచ్చితంగా 3 ఎంఎం గీశాం, అయినా అన్నీ లొడలొడలాడుతున్నాయి. తప్పు ఫైల్‌లోనే ఉందంటాడు షాపాయన. సన్‌బోర్డ్‌కి మారిపోమంటారా, చవగ్గా పోతుంది?
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: షాపాయన మాటలో నిజం లేకపోలేదు గానీ గొడవ షీటు దగ్గరే మొదలైంది. 3 ఎంఎం అని అమ్మే యాక్రిలిక్ చాలాసార్లు 2.8 దగ్గరే ఉంటుంది, పైనున్న కాగితం ఒలిచేసి వెర్నియర్‌తో కొలిచి చూడండి. దానికి తోడు లేజర్ తను నడిచిన దారిలో కాస్త ప్లాస్టిక్‌ను ఆవిరి చేసేస్తుంది, దాన్ని కర్ఫ్ అంటారు, ఇలాంటి పల్చటి షీటులో సుమారు 0.1 నుంచి 0.2 ఎంఎం. కిరణం మీ గీత మీదే నడుస్తుంది కాబట్టి గాడికి రెండు పక్కలా సగం సగం తినేస్తుంది. కర్ఫ్ 0.15 అనుకుంటే మీ 3 ఎంఎం గాడి 3.15 అయింది, అందులో మీరు దూర్చింది 2.8 పలక. లొడలొడలాడక ఏం చేస్తుంది? ఈ లెక్కన గాడి 2.65 గీయాలి.

అలాగని నా అంకె పట్టుకుని షీటంతా కోయించేయకండి, మిషన్‌ని బట్టి ఇది మారుతుంది. చిన్న పట్టీ అంచున 2.5 నుంచి 3 దాకా 0.05 తేడాతో దువ్వెన పళ్లలా గాడులు గీసి, పక్కన అంకెలు చెక్కించి, అదే షీటులో అదే మిషన్ మీద కోయించండి. బొటనవేలితో నొక్కితే ముక్క ఏ గాడిలో బిగువుగా దిగి, తలకిందులు చేసినా జారదో అదే మీ కొలత. సుత్తి కావాల్సొస్తే మాత్రం వద్దు, పగులుతుంది. ఇంత చిన్న పనికి షాపులో విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇంకోటి, అడ్డపలకలకు సబ్‌మెరైన్ బయటి ఆకారాన్నే గీసేశారేమో చూసుకోండి. పైన 1 ఎంఎం తొడుగు వేస్తే పలక అంచును చుట్టూ అంత లోపలికి జరపాలి, లేదంటే వెడల్పు 2 ఎంఎం పెరుగుతుంది, అంటే అసలు దాని మీద 20 సెంటీమీటర్లన్నమాట. 91.3 మీటర్ల కురుసుర మీకు 91.3 సెంటీమీటర్లు వస్తుంది, అంత పొడవులో 2 ఎంఎం ఎవరికీ కనబడదు గానీ సన్నగా పోయే ముక్కు దగ్గర లావు ఇట్టే తెలిసిపోతుంది.

సన్‌బోర్డ్ మాట మర్చిపోండి. అది పీవీసీ ప్లాస్టిక్. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, మీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, మిషన్‌కూ తుప్పే. దాన్ని లేజర్‌తో కోస్తామనే షాపుకి అసలు వెళ్లకండి! చవకే కావాలంటే చెక్కపొడి అదిమి చేసే ఎండీఎఫ్ పలక ఉంది, కాకపోతే మన సముద్రపు గాలికి చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, కోయగానే అంచులకు సీలర్ పట్టించాలి.

పైతొడుగు మీద వరసగా ఉండే కంతలు, అదే మునిగేటప్పుడు నీళ్లు లోపలికి పోయేవి, 3 ఎంఎంలో కోస్తే మధ్య సన్నటి పట్టీలు కరిగి వంకర పోతాయి. వాటిని 300 జీఎస్ఎం ఐవరీ కార్డులో, అంటే దళసరి కాగితపు అట్టలో, వేరుగా కోయించి అంటించండి. ఫైల్ ఇచ్చేముందు ఒకదానిమీద ఒకటి పడ్డ గీతలు తీసేయండి, లేజర్ ఒకేచోట రెండుసార్లు నడిస్తే గాడి మళ్లీ వదులే. మీ డ్రాయింగ్ ఫైల్ డీఎక్స్ఎఫ్ రకమైతే మూలన 50 ఎంఎం చదరం ఒకటి గీసి, షాపు కంప్యూటర్‌లో అది ఎంత చూపిస్తోందో అడగండి, అంగుళాల్లో తెరుచుకుందంటే మొత్తం 25.4 రెట్లు పెద్దదైపోతుంది.