విమానంలోంచి కరపత్రాలు చల్లితే అమ్మకాలు పెరిగేవా?

తొలినాళ్ల విమానాల్లోంచి కరపత్రాలు చల్లి నిజంగా ప్రచారం చేశారా, దానివల్ల లాభం ఉండేదా అని అడిగారు. చేశారు. లాభం మాత్రం గాలి దయ. ముప్పై ఏళ్లు ట్రెడిల్ ప్రెస్సు (కాలితో తొక్కి నడిపే అచ్చుయంత్రం) నడిపినవాడిగా చెబుతున్నాను.

ఒకసారి మా ఊరి సినిమా హాలు యజమాని వందరోజుల పండుగకు డెమ్మీ 1/8 సైజులో, అంటే డెమ్మీ అనే పెద్ద కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే వచ్చే సైజులో, ఎనిమిది వేల కరపత్రాలు వేయించుకున్నాడు. రిక్షాలో తిరిగి పంచడం పాతబడిందని, బజారులోని మూడంతస్తుల లాడ్జి పైనుంచి చల్లించాడు. పల్చటి గులాబీ కాగితం, సాయంకాలపు గాలి. సగానికి సగం కాలువలో పడి, రంగు వదులుతూ దిగువ ఊళ్లకు పోయాయి.

లండన్‌లోనూ ఇదే జరిగింది. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడుతున్న మ్యూరియల్ మాటర్స్ 1909 ఫిబ్రవరి 16న హెండన్‌లో ఎయిర్‌షిప్ (ఇంజనుతో నడిచే పెద్ద గాలిబుడగ) ఎక్కింది. పార్లమెంటు ప్రారంభానికి ఊరేగింపుగా వెళ్లే రాజుగారి నెత్తిన కరపత్రాలు కురిపించాలని ఆమె పంతం. వెంట 25 కిలోల కాగితాలు. పల్చటివైతే మా డెమ్మీ లెక్కన పదిహేను వేల పైమాటే! గాలి ఆ ఎయిర్‌షిప్‌ను పార్లమెంటు దరిదాపులకు కూడా పోనివ్వలేదు. దారిపొడవునా చల్లుకుంటూ పోయి, చివరికి కౌల్స్‌డన్‌లో చెట్ల మీద దిగారు. అయినా పత్రికలు ఆమె గురించే రాశాయి. ఆ రోజుల్లో ఆకాశంలో ఏదైనా ఎగరడమే పెద్ద ప్రకటన, కాగితం దానికి తోక.

అచ్చంగా వ్యాపారం కోసమే ఎగిరిన విమానాన్ని 2015లో మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో చూశాను. పేరు విన్ ఫిజ్. అది ఆర్మర్ కంపెనీవారి ద్రాక్ష సోడా పేరే. కాల్‌బ్రైత్ రోడ్జర్స్ 1911 సెప్టెంబర్ 17న న్యూయార్క్‌లో దానిమీద బయలుదేరి, నవంబర్ 5న కాలిఫోర్నియాలోని పాసడీనా చేరాడు. కంపెనీ మైలుకింత అని డబ్బిచ్చింది. అతను దారిలో సోడా కరపత్రాలు జారవిడిచాడు. విమానం పదేపదే కూలేది. వెనకాలే ప్రత్యేక రైలులో విడిభాగాలూ మెకానిక్కులూ వచ్చి మళ్లీ నిలబెట్టేవారు. 30 రోజుల్లో చేరితే దక్కే 50 వేల డాలర్ల బహుమతి ఎలాగూ పోయింది. కానీ కూలిన చోటల్లా జనం మూగారు. సోడా కంపెనీకి అంతకంటే ఏం కావాలి? ఆ సోడా ఇప్పుడు లేదు. దాని పేరు మాత్రం ఇంకా ఆ రెక్కల మీద ఉంది.

గాలికి మందు కనిపెట్టింది బేబీ రూత్ మిఠాయివాళ్లు. 1923లో పిట్స్‌బర్గ్ మీద చిన్న చిన్న పారాషూట్లు కట్టి ఏకంగా సరుకే వదిలారు. 1927లో మయామీలో ఇలాగే మిఠాయిలు విసరడానికి విమానం ఎక్కిన పన్నెండేళ్ల పాల్ టిబెట్స్‌కు అదే తొలి విమానయానం. హిరోషిమా మీదికి బాంబు తీసుకెళ్లిన విమానాన్ని నడిపింది ఇతనే.

మా హాలు యజమాని సంగతి చెప్పలేదు కదూ. కాలువలో పడ్డ కాగితాలకు డబ్బెందుకివ్వాలని బిల్లులో సగం కోశాడు. ఆ వారం హాలు మాత్రం నిండింది. లాడ్జి మీద ఏదో జరిగిందట అని ఊరంతా చెప్పుకున్నారు మరి.